రెండు గదుల లెక్క

శ్రీకూర్మం,
ఆదివారం.

బావా,

ప్రియమైన అని రాయబోయి ఆగాను. ఆ మాట అబద్ధమని కాదు. ఇవాళ రాయడానికి చెయ్యి రాలేదు, అంతే. ఫోను ఎందుకు ఎత్తడం లేదని మెసేజీల మీద మెసేజీలు పెడుతున్నావు. ఎత్తితే నువ్వు మాట్లాడతావు. నీ గొంతు వింటే నేను సగంలోనే మెత్తబడతాను. అడగవలసింది అడగకుండానే "అన్నం తిన్నావా" దగ్గరికి వచ్చేస్తాం. అందుకే ఉత్తరం. కాగితం మీదైతే నువ్వు నాకు అడ్డం రాలేవు.

కాలేజీకి సెలవు పెట్టి శ్రీకాకుళం గది నుంచి నేరుగా అమ్మ దగ్గరికి వచ్చేశాను. సంచితో దిగిన నన్ను చూసి గుమ్మంలోనే "ఏటే, ఒక్కర్తివే వొచ్చావు, మీ ఆయన ఏడీ?" అంది. పనుందన్నాను. అమ్మ నమ్మలేదు, కానీ మళ్లీ అడగలేదు. కూర్మనాథుడి గుళ్లో నైవేద్యం వేళ దాటిపోతోందని చీర మార్చుకుని వెళ్లిపోయింది. నాకు కావలసింది కూడా అదే.

జరిగింది చెబుతాను. చెన్నై నుంచి కుమారి అని ఒక పరిశోధక విద్యార్థిని నాకు మెయిల్ పెట్టింది. మన పేపరు చదివిందట. లోహపు పలకలో గాడి లాంటి పొడుగాటి గొయ్యి ఉంటే, దాని మీద పడిన విద్యుదయస్కాంత తరంగం ఎటు ఎంత చెదురుతుందో లోకమంతా కంప్యూటర్ల మీద ఉజ్జాయింపుగా వేసుకుంటోంది. మూతి సన్నగా, పొట్ట గుండ్రంగా ఉన్న గాడికి మనిద్దరం ఉజ్జాయింపు లేని జవాబు ఇచ్చామని ఆ పిల్లకి మన మీద గొప్ప గౌరవం. తను రాసుకున్న ప్రోగ్రాము సరైనదో కాదో మన జవాబుతో సరిచూసుకుందామని కూర్చుందట. కలవలేదు. "మీది ఖచ్చితమైన సాధన కదా మేడమ్, తప్పు నాదే అయి ఉంటుంది, నా ప్రోగ్రాములో ఎక్కడ వెతకమంటారు?" అని అడిగింది.

ముందు గర్వపడ్డాను, నీ దగ్గర దాచడం ఎందుకు. పాపం చిన్నపిల్ల, ఎక్కడో జారి ఉంటుంది, చూపిద్దాం అనుకున్నాను. చూపించడానికి మన లెక్క మొదటినుంచీ మళ్లీ చేస్తూ వచ్చాను. గాడి మూతి దగ్గర, లోపలి తరంగాన్నీ బయటి తరంగాన్నీ అతికించే చోట, నా చెయ్యి ఆగిపోయింది. శ్రేణిలో మొట్టమొదటి పదం మిగతా వాటి లాంటిది కాదు. మిగతావి మూతి పొడవునా ఎగుడుదిగుడుగా ఊగుతాయి. వాటిని కూడితే సగమే చేతికొస్తుంది. మొదటిది ఊగదు, చదునుగా ఉంటుంది, అది పూర్తిగా వస్తుంది. నేను దానికీ సగమే ఇచ్చాను. అందరితో పాటు దాన్నీ ఒకే గాటన కట్టేశాను.

ఎందుకు కట్టానో కూడా నాకు తెలుసు. తాతగారి ఒళ్లో కూర్చుని లెక్కలు నేర్చినదాన్ని. పాడ్యమి ఒకటి, విదియ రెండు. పంచాంగాలు కట్టే ఇంట్లో సున్నా నుంచి లెక్కపెట్టడం ఎవరికీ రాదు. ఇప్పటికీ ఏ శ్రేణి రాసినా నేను ఒకటితోనే మొదలుపెడతాను. ఒకటో పదం, రెండో పదం, మూడో పదం అని వరసగా పేర్లు పెట్టేసరికి మొదటిది కూడా మామూలు పదంలాగే కనబడింది. నీకు అలా కనబడదు. నువ్వు విజయనగరంలో ఇంజినీరింగు చదివినవాడివి, నీ లెక్క ఎప్పుడూ సున్నాతోనే మొదలవుతుంది. నీ కాగితం మీద అది శూన్య పదమని వేరే పేరుతో, వేరే వరసలో నిలబడుతుంది. ఈ తప్పు నేను చెయ్యగలను. నువ్వు చెయ్యాలనుకున్నా చెయ్యలేవు.

దిద్ది చూశాను. కుమారి ప్రోగ్రాముతో అచ్చంగా కలిసిపోయింది. శక్తి లెక్క కూడా వేశాను. మన లోహం ఆదర్శ లోహం, దాని గోడలు తరంగాన్ని తినవు. లోపలికి ఎంత వెళ్లిందో అంతా బయటికి రావాలి. దిద్దిన జవాబుతో వచ్చింది. అచ్చులో ఉన్న జవాబుతో రాలేదు. తప్పు దొరికిందన్న సంతోషంతో నీకు ఫోన్ చేద్దామని లేచాను కూడా. ఫోను చేతిలో ఉండగానే అర్థమైంది. నా తప్పు నాకు దొరికింది, మరి నీ జవాబులోకి అదే తప్పు ఎలా వచ్చింది?

తాతగారు, చిన్నతాత గ్రహణాలు ఎలా కట్టేవారో మన పెళ్లైన కొత్తలో నీకు చెప్పాను. మేనమామ ఇల్లే అయినా నువ్వు ఆ ఇంట్లో పెరగలేదు కాబట్టి నీకది వింతగా ఉండేది. అన్నదమ్ములు చెరో గదిలో కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, పట్టు ఘడియా విడుపు ఘడియా తేల్చేవారు. రెండూ కలిస్తేనే పంచాంగంలోకి ఎక్కేది. కలవకపోతే తేడా తేలేదాకా ఇద్దరూ ఒక పంక్తిలో భోజనానికి కూర్చునేవారు కాదు. "మనమూ అలాగే చేద్దాం, రెండు గదుల లెక్క" అన్నది నువ్వు. నేను కాదు. అప్పటినుంచీ వారమంతా నేను శ్రీకాకుళంలో, నువ్వు విజయనగరంలో. శనివారం ఆమదాలవలస స్టేషన్లో బెంచీ మీద కాగితాలు మార్చుకోవడం. ఇద్దరి జవాబూ ఒకటైతే కలిసి ఇంటికి, కలిసి భోజనానికి.

పేపరు ఆఖరి భాగం మార్చుకున్న శనివారం నాకు బాగా గుర్తుంది. అక్షరం పొల్లుపోకుండా కలిసింది. నేను బెంచీ మీదనుంచి లేచి గెంతినంత పని చేశాను. నువ్వు పలాస జీడిపప్పు పొట్లం కొని నా చేతిలో పెట్టావు. నువ్వు ఒక్క పప్పు కూడా తీసుకోలేదు. ప్రేమనుకున్నాను. శక్తి లెక్క నువ్వు చూస్తానన్నావు కదా, చూశావా అని అడిగితే "సరిపోయింది" అన్నావు. ఆ ఒక్క మాట మీద నేను మళ్లీ వెయ్యకుండా పేపరు పంపాను.

ఆ శనివారానికి ముందే, అదే వారంలో, నువ్వు నా గదికి వచ్చి ఆవకాయ జాడీ పెట్టి వెళ్లావు. నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను. నా కాగితాలు బల్ల మీదే ఉన్నాయి. జాడీ చూసి మురిసిపోయాను బావా. ఇరుగుపొరుగు గదుల వాళ్లకి కూడా పెట్టి, మా ఆయన తెచ్చాడని చెప్పుకున్నాను.

కంచే చేను మేసిందంటారు. ఆ సామెత అనేవాళ్లందరికీ చేను పోయిందనే బాధ. నాకు కంచె పోయిందని బాధ. నా తెలివి మీద నాకు ఎప్పుడూ పెద్ద నమ్మకం లేదు. రెండో గదిలో నువ్వున్నావని నమ్మకం. తప్పు చేస్తే నువ్వు పట్టుకుంటావన్న ధైర్యంతోనే నేను అంత వేగంగా చేసేదాన్ని. తీరా చూస్తే రెండో గదిలో ఎవరూ లేరు. నా మాటే గోడకి తగిలి నాకు వినిపిస్తే, అది నీ గొంతనుకున్నాను.

ఇంకో ఆడదాని సంగతైతే అమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేదాన్ని. మా ఆయన మొదటి పదం గుణకం కాపీ కొట్టాడని ఎవరితో చెప్పుకోను? విన్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నాకు మాత్రం ఆ ఆడదే నయమనిపిస్తోంది.

పేపరు వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకి రాశాను, ఇంకా పంపలేదు. దాని మీదే నీ ప్రొఫెసర్ ఉద్యోగం ఇంటర్వ్యూ ఆధారపడి ఉందని నాకు తెలుసు. అయినా పంపుతాను. మనది ఖచ్చితమైనదని నమ్మి సరైన ప్రోగ్రాము రాసిన పిల్ల దాన్ని చెడగొట్టుకోబోయింది. ఇంకెందరు చెడగొట్టుకున్నారో తెలియదు. విజయనగరం ఇంటికి నేను రాను. ఒక్క విషయం రాయి, చాలు. ఆ రోజు నా కాగితాలు చూశావా లేదా. చూడలేదని రాస్తే మాత్రం ఇక ఏమీ రాయకు.

ఇంకా నీ ఇంటిపేరే రాసుకుంటున్న
విశాలి.


విజయనగరం,
బుధవారం.

విశాలీ,

చూశాను.

ఆవకాయ ఇచ్చి వెళ్దామనే వచ్చాను. నీకు గది అద్దెకిచ్చిన దేముడమ్మ తాళం తీసి "అమ్మగోరు సాయంత్రానికి గానీ రారు బాబూ" అంది. జాడీ బల్ల మీద పెట్టబోతే కాగితాలు అడ్డం వచ్చాయి. పక్కకి జరుపుతూ ఆఖరి వరస చూశాను. చూడకూడదని తెలిసీ చూశాను. ఇంతవరకు నువ్వన్నది నిజం.

కానీ నీ లెక్క ఒక చోట తప్పింది. ఆ రోజుకే నా జవాబు తయారై నా సంచిలో ఉంది. నేను కాపీ కొట్టడానికి నీ కాగితం చూడలేదు, కలిసిందో లేదో ఆగలేక చూశాను. కలవలేదు. అంతా ఒకటే, శూన్య పదం దగ్గర మాత్రం నీకు సగం ఉంది, నాకు పూర్తిగా ఉంది.

నేను సరైనది చేశానని అనుకోలేదు విశాలీ. నీకిది చెప్పినా నమ్మవేమో. నీదీ నాదీ తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు నాదే అయింది. గాడి అంచుల భాగం గుర్తుందా? అప్పుడు తేడా తేలేదాకా నువ్వు వంటింట్లో, నేను ముందు గదిలో. నీ గిన్నెల చప్పుడు వింటూ ఒక్కణ్ణీ పెరుగన్నం కలుపుకునేవాణ్ణి. శని, ఆదివారాలన్నీ అంతే, వారాల తరబడి. తీరా తేలింది నా తప్పు. మన పక్కింటి తిరుమలరావు మావ గారు నవ్వుతూనే అన్నారు. "ఒరే శ్రీరామూ, లెక్క మా అమ్మాయిది, సంతకం నీది, అదేటి కాపురం రా?" నేనూ నవ్వాను. నవ్వాక అది లోపల ఉండిపోయింది.

నీ కాగితం చూసిన ఆ సాయంత్రం తిరుగు పాసింజర్లో నా కాగితం తీసి వెతికాను. పొందూరు దాటింది, చీపురుపల్లి దాటింది. నా తప్పు దొరకలేదు. దొరకనప్పుడు తప్పు లేదనుకోవాలి. నేను మాత్రం నాకు కనబడటం లేదనుకున్నాను. మళ్లీ ముందు గది, మళ్లీ ఆ పెరుగన్నం, ఆఖరికి మళ్లీ నేనే తలొంచుకోవడం. ఇంటికి వెళ్లి ఆ పూర్తిని సగం చేశాను. పైనున్న వరసలు దానికి తగ్గట్టు తిరిగి రాసి, పాత కాగితం చించేశాను. శనివారం నువ్వు గెంతావు. ఆ జీడిపప్పు నేను ముట్టుకోనిది ప్రేమతో కాదు.

శక్తి లెక్క సరిపోయిందని నీతో చెప్పాను. అది అబద్ధం కాదు. నా మొదటి జవాబుతో వేశాను, సరిపోయింది. నీ జవాబుతో వెయ్యలేదు. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను. వదిలేస్తే ఈ ఉత్తరం కూడా ఆ పేపరు లాంటిదే అవుతుందని రాస్తున్నాను. నీ జవాబుతో వెయ్యడానికి కూర్చున్నాను, పెన్ను పట్టుకున్నాను, పక్కన పెట్టేశాను. సరిపోతే నేను మళ్లీ తప్పు. సరిపోకపోతే నువ్వు తప్పని నీకు చెప్పాలి. రెండూ నావల్ల కాలేదు. అంటే తప్పు ఎక్కడుందో నాకు ఎక్కడో తెలుసనే కదా. నువ్వు పెట్టిన పేరు కాపీ. నేను చేసింది కాపీ కాదు. అంతకన్నా మంచి పేరు దానికి లేదని కూడా తెలుసు.

పేపరు వెనక్కి తీసుకో. ఇంటర్వ్యూకి వెళ్లనని మా కాలేజీ వాళ్లకి చెప్పేశాను. అత్తయ్యకి నిజం చెప్పు, నా గురించి ఏమనుకున్నా పరవాలేదు.

శ్రీరామ్.


శ్రీకూర్మం,
శుక్రవారం.

బావా,

నీ ఉత్తరం చదివాక కోపం తగ్గుతుందనుకున్నాను. పెరిగింది. నువ్వు దొంగవైతే నాకు సులువుగా ఉండేది. దొంగని వదిలేయొచ్చు. సరైన జవాబు సంచిలో పెట్టుకుని, నా తప్పు ముందు దాన్ని చించేసిన మనిషిని ఏం చెయ్యాలి? నువ్వు నా మీద నమ్మకంతో చేశానంటావు. నన్ను నమ్మేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మా ప్రిన్సిపాల్ నమ్ముతాడు, కుమారి నమ్మింది, అమ్మ సరేసరి. నమ్మకుండా ఉండటానికి ఒక్కడంటే ఒక్కడు కావాలని నిన్ను రెండో గదిలో కూర్చోబెట్టుకున్నాను. నువ్వు కూడా వెళ్లి వాళ్లలో కలిసిపోయావు.

పెన్ను పట్టుకుని పక్కన పెట్టేశానని రాశావు చూడు, ఆ వరస దగ్గర ఏడ్చాను. మిగతాదంతా భయం, జాలి, నీ మంచితనం అనుకోవచ్చు. ఆ పెన్ను పక్కన పెట్టడం మాత్రం ద్రోహమే. దానికి ఇంకో మాట నాకు దొరకలేదు.

ఏడుస్తుంటే అమ్మ వచ్చింది. ఇక దాచలేక అంతా చెప్పాను. సున్నా, సగం, శక్తి ఇవేవీ అమ్మకి తెలియవు. అల్లుడు తన జవాబు మార్చేసి నా జవాబుతో కలిపాడని మాత్రం అర్థమైంది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. చేట పక్కన పెట్టి, తాపీగా చెప్పింది.

"మీ సిన్నతాత కూడా అదే పని సేశాడే. అన్నగారి లెక్క కాదనలేక తన లెక్క దిద్దేసుకున్నాడు. గ్రహణం స్నానానికని జనమంతా కళింగపట్నం సముద్రానికెళ్తే, నీళ్లల్లో దిగేసరికి విడుపు కూడా అయిపోనాది. ఇద్దరూ తల ఎత్తుకోలేకపోయారు. అప్పుడు పెట్టుకున్నారు ఆ వేరే పంక్తి."

అంటే శిక్షగానా అని అడిగాను.

"శిక్షేటే? కోపమొచ్చి కాదు. పక్కన కూకుని తింటే జాలేస్తాది. జాలేస్తే లెక్క దిద్దేస్తారు. అందుకని దూరం కూకునేవోరు. తేడా వొచ్చినందుకు వాళ్లెప్పుడూ మాట్లాడుకోవడం మానలేదు. నువ్వే సిన్నప్పుడు సగం సూసి, అలిగారనుకున్నావు."

బావా, ఆ పంక్తి సంగతి నీకు నేర్పింది నేను. నేను సగం చూసి నేర్చుకున్న దాన్ని నీకు పూర్తిగా నేర్పాను. దాని లోపలి సంగతి తెలియకుండా మనిద్దరం దాన్ని అలకలా వాడుకున్నాం. ఏ జాలికి లొంగిపోకూడదని వాళ్లు ఆ దూరం పెట్టుకున్నారో, ఆ దూరానికే భయపడి నువ్వు లొంగిపోయావు. ఇది చెప్పి నిన్ను వదిలేస్తున్నాననుకోకు. చిన్నతాతని తాతగారు వదిలెయ్యలేదు, అలాగని ఊరుకోనూ లేదు.

ఇక జరగబోయేది విను. పేపరు నిన్ననే వెనక్కి తీసుకున్నాను. తప్పు నాదని, మొదటి పదం దగ్గర అని, ఉన్నదున్నట్టు రాశాను. మళ్లీ పంపుతాం. కానీ ఈ గాడికి ఇక మన రెండు గదుల లెక్క చెల్లదు, ఇద్దరికీ ఇద్దరి జవాబూ తెలిసిపోయింది. అందుకని సరిచూసే చోట కుమారి ఉంటుంది, ఆమె ప్రోగ్రాముతో, ఆమె పేరుతో. "నీ ప్రోగ్రాములో ఏమీ వెతకొద్దమ్మా, తప్పు మాది" అని రాస్తే ఆ పిల్ల పొంగిపోయింది. ఆ చోటు నీది. అది పోగొట్టుకున్నావు. నాకు బాధగా ఉంది, అయినా దాన్ని నీకు తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు.

నీకు కొత్త లెక్క ఇస్తున్నాను. ఒకే పలకలో పక్కపక్కనే రెండు గోతులు, ఒకదాంట్లోంచి చెదిరింది రెండోదాంట్లోకి వెళ్తుంది. నేను ఒకటి నుంచే మొదలుపెడతాను, నా అలవాటు ఇక మారదు. నువ్వు సున్నా నుంచి మొదలుపెట్టు. నా కాగితాలు బల్ల మీదే ఉంటాయి, దేముడమ్మ తాళం తీస్తుంది, నీకెవరూ అడ్డం రారు. చూడకు.

ఆమదాలవలస బెంచీ వద్దు ఈసారి. సోమవారం నేరుగా ఇంటికే వస్తున్నాను. నీ కంచం ముందు గదిలో పెట్టుకో, నాది వంటింట్లో ఉంటుంది. రోజూ మాట్లాడుకుందాం, ఎంతసేపైనా. పంక్తి మాత్రం వేరే. అది నీ మీద అలిగి కాదు, నిన్ను నా జాలి నుంచి దూరంగా ఉంచడానికి.

"నీ జవాబు వేరు, నాది వేరు, నాదే సరైనది" అని నువ్వు నా మొహం మీద చెప్పిన రోజున, అది నిజమా కాదా అని నేను అడగను. ముందు నీకు వడ్డించి, నీ పక్కనే కూర్చుని తింటాను. లెక్క ఆ తరవాత చూసుకుందాం.

విశాలి.